వదిన దిద్దిన వాక్యాలు

మా వదినకు చేతులు ఊరుకోవు. పక్కింటివాళ్ల గుమ్మానికి పరదా వంకరగా వేలాడుతుంటే లోపలికి వెళ్లి మరీ సరిచేసి వస్తుంది. నేను అన్నం తింటూ ఓ మాట తప్పు పలికితే ముద్ద మింగేలోపు దిద్దేస్తుంది. పెళ్లయిన కొత్తలోనే మా అన్నయ్య ఆవిడకు ‘ఇస్త్రీపెట్టె’ అని పేరు పెట్టాడు. అలాంటి మనిషికి దిద్దకూడదన్న నియమం ఉన్న ఉద్యోగం దొరికింది చూడండి, అదీ విచిత్రం.

విశ్వవిద్యాలయంలో పరాయి దేశాల విద్యార్థులకు చదువులో సాయపడే గది ఒకటుంది. వదిన పని అక్కడ. పక్కనే గ్రంథాలయం, అందులో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర నేను. మధ్యలో గాజు తలుపే కాబట్టి ఆవిడ నాకు కనిపిస్తూనే ఉంటుంది. విద్యార్థి తాను రాసింది పైకి చదవాలి. అర్థం కాని చోట వదిన ఆపి, “ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?” అని అడగాలి. పెన్సిలుతో గీత గీయవచ్చు గానీ మాట రాయకూడదు. ఏళ్ల తరబడి పంటి బిగువున అలాగే నెట్టుకొచ్చింది.

అప్పుడు వచ్చింది నర్సు. తన దేశంలో ఆస్పత్రిలో పనిచేస్తూ, పిల్లల్ని భర్తకు అప్పజెప్పి ప్రజారోగ్యం చదవడానికి వచ్చిన మనిషి. ఆస్పత్రుల్లో నేల తుడిచే ఆడవాళ్ల నడుంనొప్పి మీద ఆవిడ పరిశోధన. బకెట్టు బరువు, తుడిచే కర్ర పొడవు, మంచం కిందికి వంగే తీరు, అన్నీ దగ్గరుండి చూసింది. వాక్యం మాత్రం ఆవిడ చేతిలో ముక్కలైపోయేది. ఆ వ్యాసం తప్పితే చదువు పోతుంది, చదువు పోతే ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది.

గడువు దగ్గరపడ్డాక ఒక రోజు, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివి నర్సు ఏడ్చేసింది.

“నొప్పి నాకు తెలుసు మేడం. చెప్పడమే రావట్లేదు.”

వదిన పెన్సిలు అందుకుంది. మొదట ఒక మాట రాసింది, తర్వాత ఒక వాక్యం. కొద్ది రోజుల్లో వ్యాసంలో సగం ఇస్త్రీ అయిపోయింది. ఉండబట్టలేక టీ దగ్గర అడిగాను.

“గీత దాటుతున్నావేమో వదినా.”

“విషయమంతా ఆవిడదేనే. నేను మడతలు తీస్తున్నా, అంతే.”

ఆచార్యుడు ఇట్టే పట్టేశాడు. తరగతి పరీక్షలో తడబడిన మనిషి వ్యాసంలో అంత నున్నగా రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. డబ్బిచ్చి రాయించుకుందని విచారణ వేశారు. అది తేలేదాకా వదిన, నర్సు ఒకరితో ఒకరు మాట్లాడకూడదన్నారు. వదిన పైఅధికారి ఆవిడను పక్కకు పిలిచి, నోరు విప్పితే ముందు పోయేది నీ ఉద్యోగమేనని చెప్పాడు.

ఆ రాత్రి వదినకు ముద్ద దిగలేదు. ఎప్పుడూ ఏడిపించే అన్నయ్య కూడా జోకులు మానేశాడు.

“ఏం చేద్దామనుకుంటున్నావ్?” అని మాత్రం అడిగాడు.

“నిజం చెప్తా. నేనే రాశానని తేలితే ఆవిడకు మళ్లీ రాసుకునే అవకాశం ఇస్తారు. నియమాల్లో ఉంది.”

“నీ ఉద్యోగం?”

“పోతే పోనీ.”

నాకు ఒళ్లు మండింది. గర్వంగానూ అనిపించింది.

విచారణ రోజు వదినకు తోడుగా వెళ్లి వసారాలో కూర్చున్నాను. నర్సును ముందే పిలిచి పంపేశారట. వదిన లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. విచారణ జరుపుతున్న పెద్దావిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిందట.

“ఎవరైనా సాయం చేశారా అని ఇందాక ఆమెను ఎన్నో రకాలుగా అడిగాం. ప్రతి మాటా నాదే అంది.”

సాయం తీసుకున్న తప్పుకు మళ్లీ రాయమనేవాళ్లు. విచారణలో అబద్ధమాడితే పేరే కొట్టేస్తారు. నర్సు ఆడింది అబద్ధమని రుజువు చేసింది వదిన చెప్పిన నిజమే. వదినకు హెచ్చరికతో సరిపెట్టి, నిజాయితీని మెచ్చుకున్నారు కూడా.

తన దేశానికి వెళ్లిపోయే ముందు నర్సు పుస్తకాలు తిరిగివ్వడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. గాజు తలుపు తోసుకుని వదిన పరుగున వచ్చింది.

“ఎందుకమ్మా అలా చెప్పావు?”

“మా దగ్గర చదువు చెప్పినవాళ్లను పట్టివ్వం మేడం.” నర్సు పుస్తకాలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టింది. “మీరే వెళ్లి చెప్తారనుకోలేదు.”

వదిన ఆ పుస్తకాల అంచులు కలిపి వరసగా సర్దసాగింది.

“మీ ఉద్యోగం ఉందా మేడం?”

“ఉందమ్మా.”

“మంచిది,” అంది నర్సు. మనస్ఫూర్తిగానే అంది. అందులో కాస్త ఎత్తిపొడుపు ఉన్నా వదిన బతికిపోయేది.