కాశమ్మక్క గ్లాసు

నిన్న పొద్దున దీపం పెడుతుంటే ఫోన్. కాశమ్మక్క పోయిందంట. హార్ట్ ఎటాక్.

అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా తెలియలేదు నాకు. మొన్న శనివారమే కదా మా ఇంట్లో భజనలో నా పక్కన కూర్చుని పాడింది.

నేను ఈ భజన గ్రూపులో దేవుడి ఫోటోలు తప్ప ఏమీ పెట్టను. ఈరోజు రాయక తప్పలేదు. నిన్న వాళ్ల ఇంటి ముందు కొందరు అంటుంటే విన్నా, "ఆ పాత జబ్బే తిరగబెట్టింటాది" అని.

కాదు.

మూడేళ్ల కిందట అక్కకు నాలుక పక్కన పుండు లేచింది. ఎర్రకారం లేనిదే ముద్ద దిగని మనిషి చప్పటి మజ్జిగన్నం తినేది. అడిగితే ఉపవాసం అనేది.

మెడికల్ షాపు జెల్ పూసింది. తగ్గలేదు. మార్కాపురంలో పళ్ల డాక్టరమ్మ మొనదేలిన పన్ను అరగదీసి, రెండు వారాల్లో మానకపోతే మళ్లీ రమ్మనింది. మానలేదు. పుండులోంచి చిన్న ముక్క తీసి టెస్టుకు పంపినారు.

అక్క వక్కాకు నమిలేది కాబట్టి అందరం క్యాన్సరే అనుకున్నాం. రిపోర్టులో టీబీ అని వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో కూడా ఉంది.

క్యాన్సర్ అనుకున్నప్పుడు పక్కన కూర్చుని ఏడ్చినారు. టీబీ, మందు ఉంది అంటే దూరం జరిగినారు.

ప్లేటు, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పినా, భజనలో అక్కకు వేరే గ్లాసు ఇచ్చినారు. గుర్తుకు నెయిల్ పాలిష్ చుక్క.

అక్క దాన్ని కడిగి, నీళ్లు నింపి, మా పూజగదిలో స్వామి పటం ముందు పెట్టింది.

"మన ఇళ్లల్లో వేరే గ్లాసు ఎవరికి ఉంటాది? ఆయనకే కదా. నాకూ పెట్టినారు, సంతోషం" అనింది నవ్వుతా.

ఆ గ్లాసు అప్పటినుంచి అక్కడే ఉంది.

ఆరు నెలలు గవర్నమెంట్ ఆసుపత్రి మాత్రలు ఒక్క పూట తప్పలేదు. వాంతులైనా సరే. పుండు మానింది. మళ్లీ టెస్టులు చేసి పూర్తిగా తగ్గిందని చెప్పినారు. ఎర్రకారం మళ్లీ మొదలుపెట్టింది.

నిన్న అక్క నోట్లో తులసి తీర్థం పోయమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మనందరికీ పాటలు నేర్పిన నోరు అది.

ఇంటికి పోయి ఆ గ్లాసే తెచ్చినా. దాంతోనే పోసినా. ఈ పొద్దున నేను నీళ్లు తాగింది కూడా దాంట్లోనే.

దీన్ని ఫార్వర్డ్ చెయ్యొద్దు. దాచుకోండి. ఇంట్లో ఎవరికన్నా నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే తీసి చదివి, డాక్టరు దగ్గరికి పోండి.

శనివారం భజన మా ఇంట్లోనే. తీర్థం ఆ గ్లాసుతోనే ఇస్తా. వచ్చేవాళ్లు రండి.

పోయిరా కాశమ్మక్కా. స్వామి పక్కన చల్లగా ఉండు.