ఎడమ భుజం

విజయనగరంలో శృంగవరపుకోట బస్సు ఎక్కుతుంటే కండక్టరు నా ఎడమ చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. పక్షవాతం వచ్చిన చెయ్యి అది. కెవ్వుమని అరిచి, నాలుగు తిట్టాను.

"సాయం సేస్తే కసురుతావేటి తాతా!" అన్నాడు.

ముందు సీట్లో ఒకావిడ జరిగి చోటిచ్చింది. ముప్పై ఏళ్లుగా ఫిజియోథెరపిస్టునని చెప్పింది. మనిషిలోనూ గొంతులోనూ అలసటే. నా కోపమంతా ఆవిడ మీద వెళ్లగక్కాను. నెలల తరబడి కరెంటు పెట్టించుకున్నా భుజం నొప్పి తగ్గలేదనీ, మీ వైద్యమంతా దగా అనీ.

ఆవిడ ఓపిగ్గా విని, "రోజూ మంచం మీంచి ఎవరు లేపుతారు బాబూ?" అంది.

"మా ఆవిడ."

"ఎక్కడ పట్టుకుని?"

ఎడమ చెయ్యి చూపించాను. ఆవిడ దాన్ని కింద నుంచి రెండు చేతులతో ఎత్తి, మెల్లగా నా ఒళ్లో పెట్టింది.

"పట్టు తప్పిన భుజం బాబూ, లాగితే జారిపోతాది. నడుం దగ్గర పట్టుకోమనండి. నా సర్వీసులో రోగం పాడుచేసిన భుజాల కన్నా, ఇంట్లోవాళ్లు ప్రేమగా లాగేసినవే ఎక్కువ చూసేను."

బడికి పోకపోయినా సొంతంగా చదవడం నేర్చుకుని ఎన్ని వైద్య పుస్తకాలు కొని చదివానో! ఈ ముక్క ఎక్కడా నా కంటపడలేదు.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ ఎప్పట్లాగే ఎడమ చెయ్యి పట్టుకోబోయింది.

"నడుం పట్టుకోవే. నిన్న బస్సులో ఒక డాక్టరమ్మ సెప్పింది" అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్లూ నానే తప్పు సేసీనానా?"

ఎవరి తప్పునైనా మొహమ్మీదే అనేసే మనిషిని నేను.

"లేదే. ఇది ఈమధ్యే కనిపెట్టిన పద్ధతి" అన్నాను.