తొట్టికారు, ఒక మోపు ఆకు

ఇన్నేండ్లూ నేను దించకుండా మోస్తాండేది ఒక మోపు ఆకు. రేష్మాకు. పట్టుపురుగులకు వేసే ఆకు. తలమీద పెట్టుకుంటే ఎంత బరువుంటాది చెప్పు? కోసుకొచ్చి పురుగులింటి ముందర దించేస్తే అయిపోతాది. నేను దించలేదు. అన్నం వండతా మోసినా, బిడ్డకు జడేస్తా మోసినా, పెండ్లిండ్లలో నలుగురితో నవ్వతా మోసినా. నువ్వెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే నీకు చెప్తాండా. తెలిసినోళ్ళకు చెప్తే వాళ్ళ మొగం చూడాల. అది ఇంకోసారి నా చేత కాదు.

మాది పుంగనూరు పక్కన పల్లె. నేను పుట్టింది గుడుపల్లె వైపు. పెండ్లయి వచ్చేటప్పటికి ఈ ఇంట్లో మా మామ, మా ఆయన, ఇంటెనక పురుగులిల్లు. అత్త అప్పటికే లేదు. మామకు పురుగులంటే ప్రాణం. లోపలికి పొయ్యేముందు కాళ్ళు చేతులు కడుక్కోవాల. తలలో పూలుంటే తీసేయాల. పౌడరు పూసుకోకూడదు, ఊదొత్తి వాసన కూడా సోకకూడదు. కొత్త పెండ్లికూతుర్ని, మల్లెపూలు పెట్టుకొని పోతే గడప కాడనే నిలబెట్టేసినాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన పక్కన నిలబడి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వతాండాడు.

మా ఆయన మదనపల్లెలో ఒక వర్క్‌షాపులో మెకానిక్కు. జీపులు, టమోటా లారీలు బాగుచేసేటోడు. పొద్దున బస్సుకు పోయి మాపిటేలకు వచ్చేటోడు. తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు, ఒక దినం బస్సులో రాలేదు, టమోటా లారీలో వచ్చినాడు. ఖాళీ పెట్టెల మధ్య ఒక కారు. దాన్ని కారనేదానికి కూడా నోరు రాలేదు నాకు. టాపు లేదు, సీట్లు రెండే, ముందర మూతి ఇంత పొడుగు, ఒళ్ళంతా తుప్పు. ఎప్పుడో దొరలు పందేలకు తోలిన బండంట. పాత బంగళా ఒకటి పడగొడతా, షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాండిన బండిని ఎవరైనా ఎత్తుకుపోండి అంటే ఈయన ఎత్తుకొచ్చేసినాడు. ఊర్లో వాళ్ళు దానికి తొట్టికారని పేరు పెట్టినారు. నీళ్ళు పోస్తే ఎనుములు తాగుతాయని ఎగతాళి చేసినారు.

నేనూ నవ్వినా. రెండు వారాలకే నవ్వడం మానేసినా. యాలంటే ఆయన్ని అట్ల నేను అంతకు ముందు చూడలేదు. ఆదివారం వస్తే చాలు, సంగటి కూడా సరిగ్గా తినకుండా బండి కిందికి దూరేటోడు. కింద నుంచి కూనిరాగం వినబడేది. నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో కడిగి చాటలో ఆరబెట్టేది నా పని. దొరకని సామాన్లు మదనపల్లెలో లేతు మీద చేయించి తెచ్చేటోడు. ఒకటి సరిపోకపోతే దాన్ని చేతిలో పెట్టుకొని పసిబిడ్డను చూసినట్టు చూసేటోడు. సీట్లకు రెగ్జిన్ నేనే కుట్టినా. మిషన్ సూదులు ఎన్ని ఇరిగినాయో నాకే తెలీదు. ఎవరన్నా వస్తే, కుట్లు చూపించి, మా ఇంటామె కుట్టింది అని చెప్పేటోడు. నేను లోపల్నుంచి వినేదాన్ని.

మా ఇంట్లో మామ ముందర మొగుడూపెండ్లాలు మాట్లాడుకునేది తక్కువ. ఉప్పు, పప్పు, ఆకు, పురుగు, అంతే. ఆ బండి కాడ మాత్రం మాటలుండేవి. స్పానర్ అందిస్తా నేను ఏదో అంటే ఆయన కిందనుంచి ఏదో అనేటోడు. చిన్నప్పటి సంగతులు, వర్క్‌షాపులో జగడాలు, నాకు పుట్టింటి మీద బెంగ, అన్నీ ఆ బండి కాడనే. పెండ్లయిన ఏడాదికి నాకు మొగుడు దొరికింది ఆ తొట్టికారు పక్కన. ఇంజను మొదటిసారి పట్టుకున్నప్పుడు దడుచుకొని కోళ్ళన్నీ అటక ఎక్కినాయి. మామ బయటికి వచ్చి, ఇదేందిరా పులి మాదిరి గాండ్రిస్తాది అని తిట్టి లోపలికి పోయినాడు. తిట్టినాడు గానీ మీసం కింద నవ్వు దాగలేదు.

ఇక మిగిలింది రంగు. ఏ రంగు కొట్టాలని నన్నే అడిగినాడు. పండుమిరపకాయ రంగు అన్నా. వర్క్‌షాపులో పెయింటు కొట్టే గాలి మిషను ఒక్క ఆదివారానికి అడిగి తెచ్చినాడు. ఆ ఆదివారం పురుగులు నాలుగో జ్వరం నుంచి లేసినాయి. పొర విడిచేముందు పురుగు తిండి మానేసి పడుకుంటాది, దాన్ని మేము జ్వరమంటాం. నాలుగోది దాటినాక ఎంత ఆకేసినా చాలదు. ఇంకొన్ని దినాలకు గూళ్ళు కడతాయి. ఏడాది తిండి వాటి మీదనే. పెయింటు వాసనంటే మామ ఒప్పుకోలేదు. మా ఆయన చిన్నపిల్లోడి మాదిరి బతిమిలాడి ఒప్పించినాడు. బండిని ఊర్లో నలుగురితో తోయించి సేను చివర కళ్ళానికి తీసుకుపోయినాడు. పురుగులింటి కిటికీలకు తడి గోనెపట్టలు కట్టినాడు. గాలి ఎటు వీస్తాందో మట్టి ఎగరేసి చూసినాడు. అంత జాగ్రత్త పడినాడు. ఈ మాట నువ్వు గుర్తు పెట్టుకోవాల.

మామ నన్ను ఆకుకు పంపిస్తా చెప్పినాడు. బావికాడ తోటలో కొయ్యమన్నాడు. ఇంటి దగ్గర మడిలో గట్టు పక్క ముట్టుకోవద్దన్నాడు. గట్టుకు అవతల పక్కాయన టమోటా, ముందు దినమే మందు కొట్టినాడు. టమోటాకు కొట్టే మందు గాలికి వచ్చి ఆకు మీద పడితే పురుగు బతకదు. ఇది మా కాడ పసిబిడ్డకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

తెలిసీ ఎట్ల కోసినా? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. బావి దూరం. పోయి కోసుకొని వచ్చేటప్పటికి మొదటి పూత అయిపోతాది. ఆ రంగు మొదట పడేది నేను చూడాల. నేను చెప్పిన రంగు. ఆయన మొగం అప్పుడెట్లుంటాదో చూడాల. అంతకంటే ఇంకేం లేదు. గాలి ఇటు రాలేదులే అనుకున్నా. ఆకు చూస్తే పచ్చగా, నవనవలాడతా ఉండాది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినా, ఏమీ రాలేదు. రాలేదా, వచ్చినా రాలేదనుకున్నానా? ఇప్పుడు చెప్పలేను. బిన్నాగా, గబగబా ఒక మోపు కోసేసి, తట్టల్లో పరిచేసి, కళ్ళానికి పరిగెత్తినా.

చూసినా. తుప్పు గీకిన రేకు మీద, పుట్టీ మీద ఎర్రగా పడతాంటే చూసినా. ఆయన మూతికి గుడ్డ కట్టుకొని ఉండాడు, కండ్లు మాత్రమే కనబడతాండాయి. ఆ కండ్లు నా దిక్కు తిరిగి నవ్వినాయి. ఒక పక్క అయింది, రెండో పక్క సాయంత్రం చేద్దామన్నాడు. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ లేదు. అబద్ధం చెప్తే ఇంకా పాపం, అందుకే ఇది కూడా చెప్తాండా.

పొద్దు వాలేటప్పటికి పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఆడించబట్టినాయి. పచ్చగా కక్కినాయి. తెల్లారేటప్పటికి తట్టలకు తట్టలు నల్లబడి పడుండాయి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉండాది. మామ అరవలేదు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసినాడు. మా ఆయన గడప బయట నిలబడి ఉండాడు. మామ నా దిక్కు తిరిగినాడు.

"ఆకు యాడ కోసినావమ్మా?"

"బావికాడే మామా."

"గట్టు పక్క సెయ్యి పెట్టలేదు కదా?"

"లేదు మామా."

అంతే. ఇంకొక్క మాట అడిగుంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు. కోడలు చెప్తే నమ్మాల కదా, నమ్మినాడు. పురుగును కింద పెట్టి, కొడుకును చూసి, "అయితే నీ పెయింటేరా" అన్నాడు. గాలి మారిందేమో, గోనెపట్టలు ఆరిపోయినాయేమో అని ఆయనే గొణుక్కుంటాండాడు. తప్పు ఆయనే వెతికి ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. నేను గమ్మునుండిపోయినా.

పురుగుల్ని గుంతలో పూడ్చినారు. బండిని ఇంట్లో పెట్టుకోవద్దన్నాడు మామ. కుప్పంలో రాళ్ళ క్వారీ ఆయన ఒకాయన ఇంటి ముందర షోకుకు పెట్టుకుంటానంటే, ట్రాక్టరుకు కట్టి పంపించేసినారు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క పుట్టీ. మా ఆయన రోడ్డు దాకా పోలేదు. దొడ్లో కాళ్ళు కడుక్కుంటా ఉండిపోయినాడు, ఎంతసేపటికీ రాలేదు.

తర్వాత వర్క్‌షాపు మానేసినాడు. పుంగనూరులో పంచరు అంగడి పెట్టుకున్నాడు. నన్ను ఒక మాట అన్లేదు, తాగలేదు, కొట్టలేదు. మంచోడే. కూనిరాగం మాత్రం పోయింది. మళ్ళీ పురుగులు పెట్టినాం, బాగా వచ్చినాయి, ఆయన మాత్రం పురుగులింటి గడప దాటలేదు. నా సెయ్యి మంచిది కాదు అనేటోడు. అన్నప్పుడల్లా నేను పొయ్యిలోకి చూసేదాన్ని. పక్కనే ఉన్న మనిషి కోసం బెంగ పెట్టుకొని బతకడం ఎట్లుంటాదో నీకు తెలుసునో లేదో. బండి కింద నుంచి కాళ్ళు మాత్రం బయటికి పెట్టి పాడుకుంటాండిన ఆయన కావాల నాకు. ఆయన్ని పంపించేసింది నేనే.

మామ మంచాన పడినప్పుడు ఇంకొకటి జరిగింది. ఇది మొదటిదానికంటే పెద్దది. మా ఆయన మామ కాళ్ళ కాడ కూర్చొని, ఆ పంట నా వల్ల పాయె నాయనా, మనసులో పెట్టుకోవద్దు అని ఏడ్చినాడు. మామ కొడుకు తల నిమిరి, నేనెప్పుడో మర్చిపోయినాలేరా, నీకు మాఫీ అన్నాడు. నేను గంజి గ్లాసు పట్టుకొని అక్కడే ఉండా. అప్పుడన్నా నోరు తెరవొచ్చు కదా? ముసలాయన ప్రాణం పోతాంటే నెమ్మదిగా పోనీలే అనుకున్నా. అది కూడా సాకే. నాకు భయం. గంజి తాపించినా. మూడో దినం ఆయన పోయినాడు.

మొన్న కుప్పం నుంచి మా ఆయన సెల్లుకు ఫోనొచ్చింది. క్వారీ ఆయన కొడుకు. ఇల్లు కొత్తగా కట్టుకుంటాండారు, పాత బండి అడ్డం, కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. లేదంటే తూకానికి వేసేస్తారంట. మా ఆయన, వద్దప్పా, ఆ బండి నా చేతికి అచ్చిరాలేదు అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన వేళ్ళు గుడ్డకు తుడుచుకుంటాండాడు, గ్రీజు లేకుండానే.

నిన్న మధ్యాహ్నం అన్నం పెట్టి చెప్పేసినా. ఏడవకుండా చెప్పాలనుకున్నా, ఏడవలేదు. ఆకు బావికాడ కొయ్యలేదని, గట్టు పక్కనే కోసినానని, మందు సంగతి తెలుసని, మీ పెయింటు ఏ పురుగునూ చంపలేదని. ఎందుకు కోసినానో కూడా చెప్పినా. ఆయన కలిపిన ముద్ద అట్లనే పట్టుకొని విన్నాడు. తర్వాత నన్ను ఒకటే అడిగినాడు.

"అయితే మా నాయన నన్ను మన్నించింది దేనికి?"

ఆయన ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కొని, చెప్పులేసుకొని పోయినాడు. అంగడికా, కుప్పానికా, ఇంకెక్కడికన్నానా, చెప్పలేదు. మాపిటేలకు వచ్చినాడు, మాట్లాడలేదు. ఈ పొద్దూ మాట్లాడలేదు. రేపు మాట్లాడతాడో లేదో నాకు తెలీదు. మాట్లాడమని అడిగే మొగం నాకు లేదు.

నీకు చెప్పుకునేదానికి సిగ్గుగా ఉండాది గానీ, ఇది దాస్తే మళ్ళీ మొదటికొస్తాది. ఆయన అట్ల లేసిపోయినాక, తినకుండా వదిలేసిన కంచం పక్కనే, ఉత్తనేల మీద కొంగు పరుచుకొని పండుకున్నా. పొద్దు గూకేదాకా నిద్రపోయినా. ఇన్నేండ్లలో అంత నిద్ర నేను పోలేదు.