నూలులా మడిచిన పిండి

రాసుకో చిన్నీ, మీ అమ్మమ్మ కథ మెల్లగానే చెబుతాను. నిన్న మనందరం ఇక్కడి అల్ హిలాల్ పేటలో ఆ చిన్న చైనా హోటల్‌కు వెళ్ళాం కదా. అక్కడ వంటాయన నూడుల్స్ కోసం పిండిముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తుంటే నాకు మా చిన్నప్పటి వాకిలి గుర్తొచ్చింది.

మాది నేత ఇల్లు. ఎండాకాలంలో అమ్మా, అక్కా చేతి సేమియా చేసేవాళ్ళు. ఒక్కో పోగునూ వేళ్ళతో నలిపి తీసి మంచం మీద ఆరబెట్టేవాళ్ళు. నాన్న నూలును సాగదీసి మడతలు వేయడం రోజూ చూసే నేను, పిండికీ అదే పద్ధతనుకున్నాను. పెద్ద ముద్ద తీసుకుని సాగదీసి మడిచాను, మళ్ళీ మళ్ళీ మడిచాను. అంతా అతుక్కుపోయింది.

“ఇది పిండితోని చీర నేస్తదంట, సూడుండ్రే!” అని అక్క వాడంతా వినబడేలా నవ్వింది. ఇప్పటికీ ఏ పెళ్ళికెళ్ళినా ఆ కథే చెబుతుంది.

అందుకే నిన్న నీతో అక్కకు వీడియో కాల్ చేయించాను. వంటాయన ప్రతి మడతకూ పొడిపిండి చల్లుతున్నాడు. నేను చేయనిది అదొక్కటే!

“అక్కా, సూడు. మడిస్తే పోగులైతలేవా?”

అక్క ఫోన్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. “అయితున్నయ్ గదనే! దుబాయ్‌ల నేర్సుకున్నవా?”

“దుబాయ్ గాదు, ఖతర్. నేర్సుకునుడేంది, నాకు ఎన్కటనే ఎర్క!”

“సరే తియ్, నువ్వే గెల్సినవ్. తినవే, సల్లారుతది.”

ఎంత నున్నటి పోగులు! వేడి పులుసుతో జుర్రుమని లాగుతుంటే గడ్డం దాకా కారింది. ఆ రోజు నాకు తెలివేం తక్కువ కాలేదు, గుప్పెడు పొడిపిండి తక్కువైంది. రెండో గిన్నె నేనే అడిగి తెప్పించుకున్నాను, అదీ రాయి.