అమ్మ గోడ మీద గీతలు, సున్నలు

మా ఊరి నర్సమ్మగారు పోయారని మొన్న ఆదివారం కబురొచ్చింది. మామిడికాయల షెడ్డులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఆవిడ నొప్పి పడలేదు కదే?" అని అడిగింది. నిద్రలోనే పోయారని చెప్పాను.

అమ్మ తలనొప్పి మీద అప్పట్లో ఊరంతటిదీ ఒకటే తీర్పు: మామిడి వేడి. నూజివీడు తోటల్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట నమ్మి ఆరేళ్లు పండు ముట్టలేదు. తలకు గుడ్డ బిగించి, కొట్లో మాత్ర కొనుక్కుని వేసుకుని కాయల గంపలు మోసేది. నేను ఇంటర్‌లో చేరిన ఏడాది వారానికి రెండు మూడు రోజులు లేవలేకపోయేది. మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. చదువు మాని అమ్మకు బదులు నేను పనికెళ్లాలని నాన్న తేల్చేశాడు.

ఆ వారమే నర్సమ్మగారు బీపీ చూడడానికి వచ్చారు. ఎప్పటిలాగే కొప్పులో పెన్ను గుచ్చుకుని ఉన్నారు.

"నొప్పి ఎట్టా ఉంటది?"

"తలనొప్పేనండీ. అందులో రకాలుంటాయేంటి!"

"కళ్లు మూసుకుని పట్టుకున్నా పెద్దరసమో చిన్నరసమో చెప్తావు. నీ నొప్పి నీకు తెలవదా?"

అమ్మకు రాయడం రాదు. ఆవిడ పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి చేతికిచ్చారు. తల చుట్టూ తాడు బిగించినట్టుంటే గోడ మీద గీత. ఒకవైపే పోట్లు పొడిచి, వెలుగు చూడలేక, కడుపులో తిప్పితే సున్న. మాత్ర వేసుకుంటే కింద చుక్క.

నెల తర్వాత గోడ చూసి నవ్వారు. "పండు ముట్టని దానికి ఇన్ని సున్నలేంటే? పాపం, మామిడిపండు మీద నింద!" నాతో, "దీన్ని కాగితం మీదకెక్కించి డాక్టరుగారికి చూపించు. చదువుకున్నది ఎందుకు మరి?" అన్నారు.

డాక్టరుగారు ఆ కాగితం చూశారు, అమ్మ మెడ నొక్కారు, కళ్లలోకి లైటు వేశారు, చాలా ప్రశ్నలడిగారు. నొప్పులు రెండున్నాయన్నారు. గీతలు టెన్షన్ తలనొప్పి, సున్నలు మైగ్రేన్. దాదాపు రోజూ వేసుకునే మాత్ర రెంటినీ ఇంకా పెంచుతోందట.

"నాకు టెన్షనేంటండీ?" అంది అమ్మ.

"నీకు లేదమ్మా, నీ మెడకుంది" అన్నారాయన.

మందు మారింది. గంప మోయడం మాని అమ్మ కాయలు ఏరే పనికి మారింది. సున్నలు పూర్తిగా పోలేదు గానీ వాటి మధ్య ఎడం పెరిగింది. నేను చదువు మానలేదు. ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది.

అప్పటినుంచి ఏటా మొదటి పండు నర్సమ్మగారికే. ఈసారి ఆవిడ కోసం గడ్డిలో మాగేసిన చిన్నరసం సరిగ్గా ఆ ఆదివారానికే పండింది. సాయంత్రం అమ్మ దాన్ని తీసుకుని ఆ గోడ ముందు కూర్చుంది. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, నెమ్మదిగా జుర్రుకుంది. రసం మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు.