పిన్ని ఇల్లు ఓడిపోవాల్సిన వేసవి

ఇప్పుడంటే ఇళ్ళల్లో వేడి తగ్గించి కరెంటు ఎలా ఆదా చెయ్యాలో ప్రభుత్వానికి సలహాలు రాస్తున్నాను కాబట్టి నలుగురూ నన్ను మేడమ్ అంటున్నారు గానీ, ఆ రోజుల్లో నేను కోల్‌కతా బస్సుల్లో సంచీ మోసుకుంటూ తిరిగే కాంట్రాక్టు పిల్లని. గుంటూరు నుంచి కొత్తగా దిగాను. మా బెంగాలీ సారు (వేడి మీద పరిశోధన చేసే మనిషే గానీ, గాలి కాస్త చల్లబడితే చాలు మంకీక్యాప్ తగిలించేవారు, మేం చాటుగా టోపీ సారు అనుకునేవాళ్ళం) భవానీపూర్ ఆఫీసులో కూర్చోబెట్టి నాకో సులువైన పని అప్పగించారు. వాట్‌గంజ్‌లో గోడకు గోడ ఆనుకుని ఒకేలాంటి రెండు డాబా ఇళ్ళున్నాయి. ఒకదాని కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వెయ్యాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. రెండిళ్ళలోనూ వేడి కొలిచే పెట్టెలు బిగించి, రంగువల్ల ఎంత చల్లబడిందో చూపించాలి. చూపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే గుంటూరు రైలే.

రంగేసిన ఇల్లు ఒక బెంగాలీ బౌదిది (బౌది అంటే వదిన, అక్కడ పక్కింటావిడని అలాగే పిలుస్తారు). వెయ్యనిది, ఓడరేవులో పనిచేసే శ్రీకాకుళం బాబాయిది. ఆయన భార్యని మొదటిరోజే పిన్నీ అనేశాను, ఆవిడ నన్ను అమ్మీ అనేసి చేపల పులుసుతో అన్నం పెట్టేసింది. "ఆలకి రంగేసి మాకేటికి ఎయ్యవమ్మీ? మేమేటి పాపం సేసినాం?" అంది. "రెండిళ్ళూ కొలిచి ఏది చల్లగా ఉందో చూస్తాం పిన్నీ" అని పెద్ద సైంటిస్టులా సెలవిచ్చాను. పిన్ని తలెత్తి బౌది డాబాకేసి ఓసారి ఎగాదిగా చూసింది. అక్కడే నాకు అనుమానం రావలసింది.

వారం తిరిగాక లెక్కలు తీస్తే గుండె జారిపోయింది. రంగేసిన ఇంటికన్నా పిన్ని ఇల్లే చల్లగా ఉంది! పెట్టెలు అటువి ఇటు మార్చినా అదే వరస. టోపీ సారు కాగితం చూసి, "సూర్యుడైనా తప్పు చేస్తూండాలి, నువ్వైనా చేస్తూండాలి. సూర్యుణ్ణి నేను చాలా ఏళ్ళుగా ఎరుగుదును" అన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్ళి పిన్ని డాబా ఎక్కాను. కప్పంతా తడిపిన గోనెసంచులు! చీర కుచ్చిళ్ళు దోపుకుని పిన్ని, లుంగీ ఎగ్గట్టి బాబాయి, బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తున్నారు.

"ఓలమ్మీ, సెప్పకుండా వొచ్చీసినావేటి! మనిల్లే సల్లగుంది గదా? బౌదీ ఇల్లు ఓడిపోనాదా?" అంది పిన్ని, మొహం చాటంత చేసుకుని.

"అయ్యో పిన్నీ, ఇది పోటీ కాదు!"

"పోటీ కాకపోతే కొలతేటికి? తెలుగోళ్ళిల్లు ఓడిపోతే నీకు నామర్దా కాదేటి? ఆ సారు ముందర నువ్వు తలొంచుకోవాలేటి?"

నా పరువు కోసం నా ఉద్యోగాన్నే ముంచుతున్నారు ఇద్దరూ! నవ్వాలో ఏడవాలో తెలీక, ఆ సంచుల మధ్యే కూలబడి ఉన్నదంతా చెప్పాను. పిన్ని బకెట్ దించింది.

"అయితే మేం ఉడికిపోతేగానీ నీ ఉద్యోగం నిలబడదన్నమాట."

బాబాయే ముందు వంగి ఒక సంచి చుట్టడం మొదలుపెట్టాడు. "అలగే ఓడిపోదాంలేయే, పిల్ల నిలబడతాది" అన్నాడు.

ఆ తరవాత లెక్కలకోసం ఎప్పుడు వెళ్ళినా పిన్ని గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ ఉండేది. "సరిగ్గా ఓడిపోతన్నాం గదమ్మీ?" అని అడిగేది, పరీక్ష రాసొచ్చిన పిల్లలా. అంత సొగసుగా ఎవరూ ఓడిపోయి ఉండరు. టోపీ సారు మురిసిపోయారు, నా ఉద్యోగం ఖాయమైంది. నేను మాత్రం ఆ ఎండలో పిన్ని మొహం చూడలేక, అంకెలు రాసుకుని గబగబా బయటపడేదాన్ని.

చివరిరోజు స్టూలెక్కి పెట్టె విప్పుతుంటే, కింద స్టూలు పట్టుకున్న పిన్ని నెమ్మదిగా అడిగింది. "ఇంక గెలవొచ్చేటమ్మీ?"

ఊఁ అన్నానో లేదో, పైనుంచి దబదబా నీళ్ళ చప్పుడు. బాబాయి అప్పటికే డాబా మీదున్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురం చాపమీద కాళ్ళు జాపుకుని, చల్లబడుతున్న కప్పు కింద చాలాసేపు కూర్చున్నాం. గది ఎంత చల్లబడిందో లెక్క ఎక్కడా లేదు. పెట్టె నా సంచీలోనే ఉంది. ఇవాళ ప్రతిదానికీ కొలత ఏదీ అని కుర్రాళ్ళని గదమాయించే ఈ మేడమ్‌గారికి, ఆ పూట దాన్ని బయటికి తియ్యాలనే తోచలేదు.