ఒక్క మిల్లీమీటరు పగ

ఊళ్ళో దంతవైద్యులందరికీ కట్టుడు పళ్ళు చేసిచ్చే ఆమెను మోడల్ కార్ల క్లబ్బులో పళ్ళక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె బావ, అంటే అక్క మొగుడు. క్లబ్బుకు పెద్ద ఆయనే. మొదటిరోజే నలుగురి ముందు "మా మరదలికి పళ్ళు తప్ప ఇంకేం తెలుసులెండి" అని నవ్వాడు. అంతే, ఆ పేరు జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది.

కిట్లు కొనుక్కుని, ముక్కా ముక్కా అతికించి, రంగులేసి ప్లాస్టిక్ కార్లు కట్టేవాళ్ళ పట్టింపులన్నీ కొలతల దగ్గరే. బావ కట్టేవి ఇరవై నాలుగో వంతు కార్లు. అసలు కారును ఇరవై నాలుగు రెట్లు కుదిస్తే జానెడు బొమ్మ వస్తుంది. ఇరవై అయిదో వంతులో కట్టేవాళ్ళూ ఉన్నారు. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. బావకు మాత్రం వాళ్ళంటే ఒళ్ళుమంట.

"ఇరవై నాలుగులో ఇరవై అయిదు ముక్క కలిపేవాడూ, పాలల్లో నీళ్ళు కలిపేవాడూ ఒకటే. గుమ్మంలోంచి చూసి చెప్పేస్తాను నేను" అనేవాడు.

పళ్ళక్కకు నచ్చింది నలభై మూడో వంతు. అరచేతిలో ఇమిడిపోయే కారు. అంత చిన్నదాంట్లో తప్పు దాక్కోవడానికి చోటుండదని ఆమె ముచ్చట. బావ వాటిని తాళంచెవి బొమ్మలనేవాడు. అలా అంటూనే తన కార్లకు సీట్లూ, స్టీరింగులూ, టైర్లూ ఆమె చేతనే పోత పోయించుకునేవాడు. పళ్ళకు అచ్చులు తీసే చెయ్యి కదా, కుట్టుగీత కూడా సీటు మీద తేలేది. ప్రదర్శనలో జనం "ఏం పనితనమండీ!" అంటే, బావ తల వంచి, ఆ పొగడ్తంతా తన ఒళ్ళోనే వేసుకునేవాడు. అక్క కాపురం గుర్తొచ్చి ఆమె నోరు మెదిపేది కాదు.

ఒక ఏడు తను కూడా ప్రదర్శనకు కారు తెచ్చింది. వాళ్ళ నాన్న జీవితమంతా నడిపిన టాక్సీ. మీటరు దగ్గర్నుంచి వెనకసీటు చిరుగు దాకా అన్నీ ఉన్నాయి. బావ దాన్ని తీసుకెళ్ళి పిల్లలు ఆడుకునే టేబుల్ మీద పెట్టాడు. ఆమె వచ్చి చూసేసరికి ఎవరి పాపో దాన్ని నేల మీద దొర్లిస్తోంది. ముందు చక్రం ఊడి ఎటో పోయింది.

"బావా, అది నాన్న బండి."

"అయ్యో, చిన్నది కదా, పిల్లలదే అనుకున్నాను. ఏడవకు మరదలా, నీకింకోటి కొనిపెడతాలే."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆమె మాత్రం ఏడవలేదు. ఊడిన చక్రం కోసం కుర్చీల కింద మోకాళ్ళ మీద వెతికింది. దొరకలేదు. ఇంటికొచ్చి ఆ కారును కళ్ళెదురుగా, పని చేసుకునే బల్ల మీదే పెట్టుకుంది. కడుపులో మంట చల్లారితే రాజేసుకోవడానికి.

మళ్ళీ ప్రదర్శన దగ్గర పడగానే బావ రానే వచ్చాడు, వెంట స్వీట్ల పొట్లం.

"ఈసారి బయటినుంచి పెద్ద జడ్జి వస్తున్నాడు. లోపలి సామానూ, టైర్లూ అన్నీ నువ్వే చెయ్యాలి. నీ చేతిలో ఏదో ఉందే!"

"దానికేం బావా, మీరు అడగాలా?" అంది పళ్ళక్క.

చేసింది. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. సీట్లూ, స్టీరింగూ, నాలుగు టైర్లూ నిగనిగలాడుతున్నాయి. అన్నీ ఇరవై అయిదో వంతులో. టైరుకు ఒక్క మిల్లీమీటరు తక్కువ. అచ్చులోంచి ఒక్కో ముక్కా ఊడి వస్తుంటే ఆమెకు పండగలా ఉంది. బావ వాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"అబ్బ! కొలత అచ్చుగుద్దినట్టుంది" అన్నాడు.

ఆమె పెదవి కొరుక్కుంది, నవ్వు రాకుండా.

ప్రదర్శనరోజు జడ్జి ఆ కారు ముందు చాలాసేపు నిలబడ్డాడు. బావ పాలూ నీళ్ళ ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది ముగిసేదాకా ఆగి, పళ్ళక్క మెల్లగా అడిగింది.

"జడ్జిగారూ, ఆ టైరు ఒక్కసారి కొలుస్తారా?"

జడ్జి జేబులోంచి కొలత పరికరం తీశాడు. టైరు కొలిచాడు. సీటు కొలిచాడు. కనుబొమలు పైకి లేచాయి.

"పైన ఇరవై నాలుగు, సీట్లూ టైర్లూ ఇరవై అయిదు. ఇదేంటండీ?"

వెనకనుంచి ఎవరో "పాలల్లో నీళ్ళండీ!" అన్నారు. పోయినేడు నవ్వినవాళ్ళే ఈసారి కూడా నవ్వారు.

"ఇది... ఇది నేను చేయలేదు! ఇదిగో, మా మరదలే చేసింది" అని బావ అరిచాడు.

"అవునండీ, నేనే. ఇన్నేళ్ళుగా ఆయన కార్లన్నింటికీ నేనే చేశాను" అంది ఆమె. ఆ మాట కోసమే ఇంతకాలం కాచుక్కూర్చుంది.

జడ్జి ఆమెను కూడా మెచ్చుకోలేదు. "కావాలని తప్పు చేసే చెయ్యి మంచి చెయ్యి కాదమ్మా" అన్నాడు. ఆమె తలూపింది. ఆ మాట గుచ్చుకుంది, కాని బావ మొహం చూడగానే నొప్పి తగ్గింది.

వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది.

"మీ బావ సరిగ్గా తినడం లేదే. కార్లు కట్టే గది తలుపే తెరవట్లేదు. ఇంక ఆ పగ చాలించవే."

"అక్కా, నాన్న బండి చక్రం నాకింకా దొరకలేదు."

అక్క టక్కున ఫోన్ పెట్టేసింది. చాలాకాలం మాట్లాడలేదు. పళ్ళక్కకు బాధనిపించింది ఆ ఒక్క సంగతికే.

మరుసటి ఏడు క్లబ్బువాళ్ళు చిన్న కార్లకు హాలు మధ్యలో వేరే టేబుల్ వేశారు. కార్లు సర్దే పని బావకు అప్పగించారు. పెద్దరికం పోయాక ఆయనకు మిగిలింది అదే. పళ్ళక్క కొత్తగా కట్టిన కారును ఆయన రెండుచేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, టేబుల్ మీద దించాడు.

"కొంచెం ఎడమకు, బావా" అంది ఆమె.

జరిపాడు.

"అబ్బే, కుడికి."

మళ్ళీ జరిపాడు. నుదుటి మీద చెమట పట్టింది. పళ్ళక్క కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"ఉహూఁ, ఇంకొంచెం ఎడమకు. తొందరేం లేదు."